డిక్కీలో వేటగాళ్లు

కార్లకి ముఖాలుండే కాలం ఒకటుండేది. ఎదురుగా వస్తున్న బండిని చూస్తే గుండ్రటి రెండు దీపాలు, వాటి మధ్య నవ్వీ నవ్వనట్టు మెరిసే పళ్ల వరస, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు కనిపించి, ఏదో పెళ్లిలో చాన్నాళ్లకి తగిలిన మేనమామ చేతులు చాచుకుని వస్తున్నట్టుండేది. ఇప్పటి కార్లు ఏవి చూసినా రాత్రంతా నిద్రలేక, పొద్దున్న కాఫీ కూడా అందక, ఎవరి మీదో తగువుకి బయల్దేరినట్టు కళ్లు చికిలించి చూస్తాయి. పోయిన నెల మా అమ్మాయి కొత్త కారులో అరకు ఘాటీ ఎక్కాం. కూర్చున్న దగ్గర్నుంచీ ఆ కారు నాకు ఏదో ఒకటి చెబుతూనే ఉంది. బెల్టు పెట్టుకోమంది, తలుపు సరిగ్గా పడలేదంది, మలుపులో నాలుగు మేకలు అడ్డొస్తే వాటికంటే ముందు అదే అరిచింది. అనంతగిరి దగ్గర కాఫీ తాగడానికి ఆగినప్పుడు, పాత అలవాటు కొద్దీ ఒకసారి బానెట్టు ఎత్తమన్నాను. ఎత్తితే లోపల ఇంజను లేదు. నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి, పెళ్లివారి గుండిగ మీద బోర్లించిన పళ్లెంలా ఉంది. ఇంజనేదమ్మా అంటే, "కిందెక్కడో ఉంటుంది నాన్నా, మనం ముట్టుకోకూడదు" అంది. (నిజం నిజంగా ఒప్పుకోవాలి. ఆ కారు బ్రేకు వేస్తే ఆగుతుంది. నేను చెప్పబోయే బండి బ్రేకు వేస్తే కాసేపు ఆలోచించేది.)

ముట్టుకోకుండా నడిచే బండి అంటే మా చిన్నాన్న నమ్మేవాడు కాదు. మా నాన్న ఆఖరి తమ్ముడు ఆయన. మేం కోట అని పిలిచే శృంగవరపుకోటలో ఒక తెల్లటి అంబాసిడర్ని టాక్సీగా తిప్పేవాడు. హారన్ కొడితే ఈతకొచ్చిన ఆవులా అరిచేది కాబట్టి ఊరంతా దాన్ని తెల్లావు అనేవారు. గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు ఒకే పొడుగాటి బల్ల, డ్రైవరు కాక ముగ్గురు కూర్చుంటే గాని చిన్నాన్నకి బండి ఖాళీగా పోతున్నట్టుండేది. సెల్ఫ్ పనిచేసేది కాదు, నలుగురు తొయ్యాలి. రేడియేటర్‌కి ఎక్కడో సన్నటి చిల్లు ఉండేది, ఘాటీ ఎక్కేటప్పుడు మూడుసార్లు నీళ్లు తాగేది. అందుకని డిక్కీలో ఎప్పుడూ పెద్ద నీళ్ల డబ్బా ఒకటి ఉండేది. ఆ బండిలో ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో చిన్నాన్నకి తెలుసు. ఏ చప్పుడూ రాకపోతే ఆయనకి భయమేసేది.

అప్పటికి నాకు ఇరవైరెండేళ్లు. డిగ్రీ అయింది, పని కాలేదు. ఒక దినపత్రికకి కోట నుంచి వార్తలు రాసి పంపుతుండేవాణ్ణి, అదీ పరీక్ష మీద. విశాఖ ఆఫీసులో ఉండే మా పెద్దాయన (పేరెందుకు గాని, ఆయన కళ్లజోడు పైనుంచి చూస్తే చదువుకున్నదంతా మర్చిపోయేవాళ్లం) మూడు నెలలుగా నేను పంపినవన్నీ చదివి, చివరికి ఒక మాట చెప్పారు. అరకులోయలో ఇటుకల పండగ జరుగుతోంది, ఫొటోతో ఒక మంచి ఐటం పంపు, అది ఆదివారం పేజీకి పనికొస్తే నిన్ను తీసుకుంటాను, లేకపోతే ఇద్దరం టైము పాడుచేసుకోవద్దు అన్నారు. ఈ మాట మా నాన్నకి తెలిసింది. ఆయన కోప్పడలేదు, అదే నాకు భయం. పార్వతీపురంలో చింతపండు వ్యాపారం చేసే తన స్నేహితుడితో మాట్లాడి, వచ్చే సోమవారం నుంచి మావాడు మీ కాటా దగ్గర నిలబడతాడని చెప్పేసి వచ్చాడు. అంటే ఆదివారం పేపర్లో నా ఐటం పడకపోతే సోమవారం నేను బస్తాలు తూస్తాను.

ఇటుకల పండగ సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. చైత్రంలో, విత్తనాలు చల్లే ముందు వచ్చే పండగ అది. మగవాళ్లు పొద్దున్నే విల్లంబులు పట్టుకుని కొండమీదికి వేటకి పోతారు. ఆడవాళ్లు ఊరి ముందు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు కట్టి, వచ్చేపోయే బండ్లన్నిటినీ ఆపి, పాట పాడి ఆట ఆడి, ఏదో ఒకటి చేతిలో పెడితే గాని బొంగు ఎత్తరు. సాయంత్రం మగవాళ్లు దిగొస్తారు. వేట దొరికితే ఎదురెళ్లి మర్యాద చేస్తారు. వట్టి చేతులతో వస్తే పేడనీళ్లు కలిపి నెత్తిన పోసి, ఏడాదికి సరిపడా మాటలంటారు. అడవులు పలచబడ్డాక వేట దొరకడం తగ్గింది గాని, పేడ దొరకడం తగ్గలేదు.

శుక్రవారం తెల్లవారుతూనే చిన్నాన్న, నేను బయల్దేరాం. నా దగ్గర అరువు తెచ్చిన కెమెరా, ఒక రీలు, చొక్కా జేబులో నాలుగు పేజీల వ్యాసం ఉన్నాయి. వ్యాసం ముందురోజు రాత్రే రాసేశాను. పండగ చూశాక రాస్తే టైము చాలదని కాదు, పండగ ఎలా ఉండాలో నాకు ముందే తెలుసునని. 'పచ్చని కొండల ఒడిలో పరవశించే గిరిపుత్రుల పుణ్యకాలం' అని మొదలవుతుంది. మిగతాది గుర్తులేదు, రాసేటప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయన్నది మాత్రం గుర్తుంది. పథకం తేలికే. అరకు అవతల ఒక కొండ ఊళ్లో ఫొటోలు తీసి, సాయంత్రం నాలుగు దాటాక అరకు స్టేషన్లో ఆగే కిరండూల్ పాసింజరు గార్డుకి కవరు ఇచ్చేయాలి. విశాఖలో మా ఆఫీసు మనిషి అందుకుంటాడు. ఆ రోజుల్లో వార్తలు అలాగే ప్రయాణం చేసేవి, మనుషుల చేతుల మీదుగా.

ఊళ్లోకి చేరి, కొండకి బయల్దేరుతున్న మగవాళ్లని నిలబెట్టి, విల్లు ఎక్కుపెట్టించి, మొదటి గంటలోనే ముప్పైనాలుగు ఫొటోలు తీసేశాను. (అందులో పదకొండింటిలో తెల్లావు పక్కన చిన్నాన్న నిలబడి ఉన్నాడు. పెట్రోలు ఆయనది, కాదనలేకపోయాను.) తర్వాత ఊరు దాటి కొండ మొదలు దాకా వెళ్లి, మధ్యాహ్నం మూడింటికి తిరుగు ప్రయాణమయ్యాం. అక్కడ బండి ఎప్పటిలాగే కదలనంది. అప్పుడు పక్కనున్న పొదల్లోంచి నలుగురు లేచారు. పొద్దున్న నేను ఫొటో తీసిన వేటగాళ్లే. వాళ్ల పెద్దని ఊళ్లో గురితాత అంటారు, ఆయన కొట్టిన బాణం తప్పదని. ఆరోజు ఏమీ కనపడకపోవడం వల్ల తప్పే అవకాశం కూడా రాలేదు. నలుగురి చేతులూ ఖాళీ. వాళ్ల ఊరు మేం వెళ్లే దారిలోనే, ముందు మలుపు దాటాక ఉంది. ఊరి ముందు బొంగు, బొంగు దగ్గర ఆడవాళ్లు, ఆడవాళ్లకి పెద్ద గురితాత పెళ్లాం. వాళ్లని దాటించి ఊరి అవతల దింపేస్తే, వెనకదారిన ఇళ్లకి చేరి, ఎప్పుడో వచ్చేశామని పడుకుంటారట.

"ఆడోళ్లతో మనకెందుకు చిన్నాన్నా, రైలుంది" అన్నాను.

"ఒరే, తొయ్యడానికి మనుసులు లేకుండా రైలెలా అందుకుంటావురా" అన్నాడు చిన్నాన్న.

అదీ నిజమే. వాళ్లు తోస్తారు, మేం దాస్తాం. బేరం కుదిరింది. తోసి బండి స్టార్టు చేశాక ఇద్దరు వెనక సీటు ముందు కిందపడుకున్నారు, వాళ్ల మీద చిన్నాన్న దుప్పటి కప్పాం. గురితాత, ఇంకొకాయన డిక్కీలోకి ఎక్కాలి. ఎక్కబోతే అక్కడ నీళ్ల డబ్బా ఉంది. చిన్నాన్న ఒక్క క్షణం దాన్ని చూశాడు, వాళ్లని చూశాడు. డబ్బా తీసి రోడ్డు పక్క రాయి మీద పెట్టి, డిక్కీలో ఇద్దర్ని పడుకోబెట్టి, ఎంత చోటుందో చూశావా అన్నట్టు నావైపు గర్వంగా చూసి మూత వేశాడు. నేనూ గర్వపడ్డాను. ఇద్దరు నిండు మగవాళ్లు విల్లంబులతో సహా పట్టిన డిక్కీ అది. డబ్బా సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

మలుపు తిరిగేసరికి బొంగు కనపడింది. బొంగుతో పాటు బానెట్టు లోంచి ఆవిరి కూడా కనపడింది. సరిగ్గా ఆడవాళ్ల ముందుకొచ్చి తెల్లావు బుసకొట్టి ఆగిపోయింది. ఇరవైమంది దాకా చుట్టూ చేరి పాట అందుకున్నారు. ముందున్నావిడ సన్నగా, పొట్టిగా, నిప్పు నోటి లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్టతో, ఒక చేత్తో బొంగుని పట్టుకుని ఉంది. గురితాత పెళ్లాం అని చెప్పక్కర్లేదు. చిన్నాన్న దిగి గుడ్డతో బానెట్టు ఎత్తితే ఆవిరి ఆకాశానికి లేచింది. అక్కడితో ఆగినా బాగుండేది. డిక్కీలో గురితాతకి పాట వినపడింది, పెళ్లాం గొంతు అందులో వినపడింది. భయమేస్తే చుట్ట వెలిగించడం ఆయనకి అలవాటట. డిక్కీ మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఆ సందుల్లోంచి పొగ నాలుగువైపులా నీలంగా, నెమ్మదిగా రావడం మొదలైంది.

ముందుగా చూసింది ఆవిడే. పాట ఆపి, "ముందేపు ఆవిరి, ఎనకేపు పొగ. అయ్యో, ఈల కారు కాలిపోతందే, బేగి పట్రండే" అంది. ఎవరికైనా కష్టమొస్తే ముందు పరిగెత్తే మనుషులు వాళ్లు. మగవాళ్ల కోసం కలిపి ఉంచిన పేడనీళ్ల బిందెలు తెచ్చి వెనకనుంచి కుమ్మరించారు. చిన్నాన్నకి అది తన పెళ్లిపంచె మీద సిరా పడ్డట్టయింది. తెల్లావు ఒంటి మీద పేడ కారుతుంటే చూడలేక, నిప్పెక్కడుందో చూపించి వాళ్లని ఆపాలని, పరిగెత్తుకెళ్లి డిక్కీ మూత ఎత్తేశాడు. ఎత్తడమూ, మూడో బిందె లోపల పడడమూ ఒకేసారి జరిగాయి.

డిక్కీలోంచి ఇద్దరు మగవాళ్లు నెమ్మదిగా లేచి నిలబడ్డారు. నెత్తిమీంచి గెడ్డం దాకా పేడ. గురితాత పళ్ల మధ్య ఆరిపోయిన చుట్ట అలాగే ఉంది. ఆవిడ భర్తని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది. కోపం లేదు. చుట్ట నోట్లోంచి తీసి, వెనక్కి తిరిగి మిగతా ఆడవాళ్లతో తాపీగా అంది.

"రండే, ఇయేల ఏట మనకే దొరికింది."

ఆ నవ్వు ఎలాంటిదో రాయడం నాకు చేతకాదు. కొండ మీద పశువులు మేత ఆపి చూశాయి. నా చేతులు వాటంతట అవే కెమెరా ఎత్తాయి, మిగిలిన రెండు ఫొటోలూ తీసేశాను. వెనక సీటు దుప్పటి కింద ఉన్న ఇద్దరు కాసేపు విని, ఇక లాభం లేదనుకుని, వాళ్లంతట వాళ్లే దిగొచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు. దాక్కుని తప్పించుకున్నారన్న మాట కంటే పేడే తేలికట. వాళ్లకీ పోశారు. "కారెక్కి ఏటకెళ్లినోణ్ణి నిన్నే సూసినాను" అని ఆవిడ గురితాతతో అంటుంటే, ఆయన పేడ తుడుచుకుంటూ, "డిక్కీ సల్లగుంది" అన్నాడు.

అందరితో కలిసి నేనూ నవ్వుతున్నాను. నవ్వుతూ గడియారం చూసుకున్నాను. నాలుగు కావడానికి పావుగంట. రేడియేటర్ ఎండిపోయింది, డబ్బా రాయి మీద ఉంది, వాగు ఎక్కడో కింద లోయలో ఉంది. నా ముఖం ఎలా మారిందో గాని, ఆవిడ దగ్గరికొచ్చి, "ఏటి గుంటడా, పేడ ఆలకి పడితే ఏడుపు నీకేటి" అంది. (గుంటడంటే మావైపు కుర్రాడు.) చెప్పాను. రైలు, ఫొటో, పెద్దాయన, ఆదివారం పేజీ, చింతపండు కాటా, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఎంత అర్థమైందో తెలీదు. బండికి నీళ్లు కావాలన్నది అర్థమైంది. ఉన్న నీళ్లన్నీ పేడలో కలిశాయి. మిగిలిన బిందె చూపించి ఇది పొయ్యమంటావా అంటే చిన్నాన్న చేతులు అడ్డం పెట్టి, "అమ్మా, కాల్చేయండి గాని అది పొయ్యొద్దు" అన్నాడు. ఆవిడ ఆలోచించి చెట్టు కింద నుంచి ఎండిన ఆనపకాయ బుర్రలు తెప్పించింది. వాటిలో పొద్దున్న కాచిన చోడంబలి, అదే రాగిజావ.

"తేట పొయ్యి బావూ. ముద్ద పోస్తే దానికి అరగదు" అంది చిన్నాన్నతో.

రేడియేటర్ చల్లారనిచ్చి, గుడ్డతో వడకట్టి, మూడు బుర్రల అంబలి తేట తాగించాం. నవ్వుకోండి గాని, ఆ పని ఈనాటి కారుకి చేసి చూడండి. ముందు మూతే దొరకదు. దొరికినా ఆ కారు ఆఫీసువాళ్లకి అదే ఫోన్ చేసి మన మీద చెబుతుంది. తెల్లావు ఒక్క మాటనలేదు. పేడ పోసిన ఆడవాళ్లు, పోయించుకున్న మగవాళ్లు ఒక వరస కట్టి, పాటెత్తుకుని తోశారు. నా జీవితంలో అన్ని చేతులు ఒక బండి మీద పడడం మళ్లీ చూడలేదు. ఇంజను అందుకుంది. అక్కణ్ణుంచి అరకు దాకా చాలావరకు దిగుడే. చిన్నాన్న ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో హారను పట్టుకుని బండిని వదిలాడు. దారి పక్క కాఫీ తోటలు ఆకుపచ్చ గీతలా వెనక్కి పోతున్నాయి, వంపు వంపుకీ తలుపు నా మీద పడుతోంది, బానెట్టు లోంచి ఉడుకుతున్న అంబలి వాసన కమ్మగా వస్తోంది. భయం వెయ్యాలి. నాకు మాత్రం గట్టిగా అరవాలనిపించింది, అరిచాను కూడా.

నేను తల వంచుకుని, కుదుపుల్లో జాగ్రత్తగా కెమెరాలో రీలు వెనక్కి తిప్పుతున్నాను. అద్దం మీద పేడ చుక్కలు ఎండి రోడ్డు కనపడడం లేదని, ఏదైనా కాయితం ఇవ్వమని చిన్నాన్న అడిగాడు. రీలు పాడవుతుందని తలెత్తకుండానే జేబులో చూసుకోమన్నాను. నా ఉద్దేశం ఆయన జేబు. ఆయన చెయ్యి చాచి దగ్గరగా ఉన్న జేబులోంచి దొరికింది తీసుకున్నాడు. అద్దం బ్రహ్మాండంగా తుడిచి కాయితాలు కిటికీలోంచి పారేశాడు.

స్టేషన్ చేరేసరికి రైలు వచ్చి ఉంది. పరిగెత్తి గార్డు పెట్టె దగ్గరికి వెళ్లి, కవరులో రీలు వేసి, వ్యాసం కోసం జేబులో చెయ్యి పెట్టాను. జేబు ఖాళీ. వెనక్కి తిరిగి చూశాను. ప్లాట్‌ఫాం గేటు దగ్గర చిన్నాన్న వగరుస్తూ నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి ఆయనకి విషయం అర్థమైంది. రెండు చేతులూ గాల్లో అద్దం తుడుస్తున్నట్టు ఆడించి, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడిపోయాడు. పరవశించే గిరిపుత్రులు నాలుగు పేజీలూ ఎక్కడో ఘాటీ కింద చెట్లకి వేళ్లాడుతున్నారు. గార్డు జెండా తీశాడు. "ఇస్తావా, ఉంటావా" అన్నాడు.

కవరు మోకాలి మీద పెట్టి, గార్డు పెన్నుతోనే రాశాను. 'వేటకెళ్లిన మగవాళ్లు వట్టి చేతులతో వచ్చారు. ఆడవాళ్లకి భయపడి కారు డిక్కీలో దాక్కున్నారు. దొరికారు.' అంతే. నాలుగో వాక్యం రాద్దామనుకునేలోపు రైలు కదిలింది. కవరు నా చేతిలోంచి గార్డు చేతిలోకి వెళ్లింది. ఆ ఖాళీ ప్లాట్‌ఫాం మీద నిలబడి నేను చింతపండు వాసన పీల్చుకున్నాను.

శనివారం అన్నం తినలేదు. ఆదివారం పొద్దున్నే కోట బస్టాండుకి నాకంటే ముందు చిన్నాన్న వెళ్లాడు. పేపరు తెరిస్తే నాలుగు కాలాల వెడల్పున గురితాత, ఆయన స్నేహితుడు, డిక్కీ. కింద నా మూడు వాక్యాలు, ఒక్క అక్షరం మార్చకుండా. బస్టాండులో జనం గుమిగూడి చదివి నవ్వుతున్నారు. నేను రాసింది చదివి మనుషులు నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం. (అంతకుముందు నవ్వినవాళ్లు నేను లేనప్పుడు నవ్వేవారని తర్వాత తెలిసింది.) చిన్నాన్న మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. "ఇంత అందమైన మొకం ఉంటే ఎనక తీస్తావేట్రా" అని తెల్లావు తరఫున నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారంలోనే మెకానిక్ రేడియేటర్ విప్పి చూస్తే చిల్లు దగ్గర చోడిపిండి కాలి గట్టిపడి మూసుకుపోయిందట. ఘాటీ డ్రైవర్లందరికీ చిన్నాన్న అంబలి వైద్యం చెప్పేవాడు. ఎవరూ చేసినట్టు లేరు.

మధ్యాహ్నం బస్సు కండక్టరు పెద్దాయన పంపిన చీటీ తెచ్చిచ్చాడు. 'ఆ మూడు వాక్యాలు రాసినవాణ్ణి రేపు రమ్మను. ఇన్నాళ్లూ నాలుగేసి పేజీలు పంపిన మనిషైతే రానక్కర్లేదు.' సోమవారం పొద్దున్న నేను పార్వతీపురం బస్సు కాక విశాఖ బస్సు ఎక్కాను. మా నాన్న బస్టాండు దాకా వచ్చి, కాటా దగ్గర ఇంకొకణ్ణి చూసుకోమని చెప్పానులే అన్నాడు. అంతకుమించి మెచ్చుకోవడం ఆయనకి తెలీదు.

తర్వాత ముప్పై చిల్లర ఏళ్లు రాస్తూనే ఉన్నాను. వరదలు రాశాను, ఎన్నికలు రాశాను, ఎందరివో సంతాపాలు రాశాను. ఏది రాసినా, రాశాక అందులోంచి గిరిపుత్రుల్ని ఏరి పారేయడానికే సగం టైము పట్టేది. వట్టి ముఖాన మూడు వాక్యాలు రాయడం మళ్లీ అంత తేలిగ్గా రాలేదు, రైలు కదులుతుంటే తప్ప.

ఆ పేపరు ముక్క పసుపురంగుకి తిరిగింది, ఇంకా ఉంది. ఎండ వీపు వైపు ఉంటే నీడ ముందు పడుతుందన్న జ్ఞానం కూడా లేకుండా తీసిన ఫొటో. కింద ఎడమవైపు మూల సన్నటి నీడ ఒకటి, కాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు రెక్కల్లా విప్పి, ఎగిరిపోయేలా ఉంటుంది. ఎవరిదండీ ఈ నీడ అని ఈమధ్య ఒకాయన అడిగారు. కళ్లజోడు సవరించుకుని దాన్ని చూశాను.

"ఎవడో గుంటడు. పేపర్లో చేరదామని తిరుగుతుండేవాడు" అన్నాను.